పదహారో జెండా దగ్గర కుక్క గొయ్యి

ఆమెను అందరూ ఇసకక్క అనేవాళ్ళు. గోల్ఫ్ మైదానంలో ఇరవై రెండేళ్ళుగా ఆమెది ఒకటే పని, ఇసుక గుంటలు చదును చేయడం. ఆటగాళ్ళ బంతులు వచ్చి ఇరుక్కోవాలని కావాలనే తవ్వి ఇసుక నింపిన గుంటలవి. మొత్తం నలభై మూడు. తెల్లవారుతూనే పళ్ళ దంతె పట్టుకుని ఒక్కొక్కటీ దువ్వుకుంటూ పోయేది. కూతురి తలైనా ఇంత శ్రద్ధగా దువ్వి ఉండవని తోటమేస్త్రీ ఎగతాళి చేస్తే, "అది కుదురుగా కూర్చోదుగా, ఇసుక కూర్చుంటుంది" అనేది.

బంతి వేయాల్సిన పద్దెనిమిది కన్నాలకూ ఒక్కో జెండా ఉంటుంది. పదహారో జెండా పక్కనున్న గుంటతో మాత్రం రోజూ తగాదానే. ఎవరిదో ఏమిటో తెలియని మట్టిరంగు కుక్క ఒకటి అక్కడ కాపురం పెట్టింది. పైన ఇసుక కాలినా లోపల తడిగా, చల్లగా ఉంటుందని అది కనిపెట్టింది. గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకునేది. ఈమె పూడ్చేది, అది మళ్ళీ తవ్వేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

ఆ ఆదివారం ఏటా జరిగే పెద్ద పోటీ. సభ్యులు కానివాళ్ళు కూడా ఆడవచ్చని ఆ ఏడే మొదటిసారి ఒప్పుకున్నారు. అలా వచ్చినవాళ్ళలో సిటీ బస్సు నడిపే ఆవిడ ఒకతె ఉంది. ముప్పై దాటిన మనిషి, బలమైన భుజాలు, చేతిలో పాత గోల్ఫ్ కర్రలు. ఆమెను చివరి జట్టులో వేశారు. పక్కన ఆడేది క్లబ్బు సెక్రటరీ. ఆమె ఎన్ని దెబ్బలు కొట్టిందో చీటీ మీద రాసే బాధ్యతా ఆయనదే. ఆయన అల్లుడు ముందు జట్టులో ఆడుతూ అందరికంటే తక్కువ దెబ్బలతో పైన ఉన్నాడు. ఇసకక్కకు ఆ రోజు డ్యూటీ చివరి జట్టు వెంట, వాళ్ళు చెదరగొట్టిన ఇసుక సర్దడానికి.

తొమ్మిదో జెండా దగ్గర డ్రైవరమ్మ బంతి చెరువు గట్టున నీటి హద్దుగా పాతిన ఎర్ర గూటాల లోపలికి దొర్లి, ఎలుక బొరియలో పడింది. ఆమె వంగి చూసి, నిట్టూర్చి, ఒక దెబ్బ జరిమానా వేసుకుని బంతిని బయట పెట్టుకుంది. కిక్కురుమనలేదు. సెక్రటరీ నవ్వుకుంటూ రాసుకున్నాడు.

పదహారో దానికి వచ్చేసరికి దెబ్బల లెక్కలో ఆమె, ఆయన అల్లుడు పక్కపక్కనే ఉన్నారు. ఆమె రెండో దెబ్బ జెండా వైపు చక్కగానే వెళ్ళింది గానీ, గట్టుకు తగిలి ఇసుకలోకి జారింది. జారి జారి, ఆ పొద్దునే ఇసకక్క పూడ్చినా కుక్క మళ్ళీ తవ్వుకున్న గోతిలో అడుక్కు దిగిపోయింది. పైనుంచి చూస్తే బావిలో గుడ్డులా ఉంది.

"ఇది జంతువు తవ్విన గొయ్యి. రిలీఫ్ తీసుకుంటాను సార్," అంది డ్రైవరమ్మ.

"తొమ్మిదో దగ్గర ఎలుక బొరియలో పడితే నోరెత్తలేదే?"

"అది ఎర్ర గూటాల లోపల. అక్కడ ఏది తవ్వినా మినహాయింపు లేదు. ఇది ఇసుక. ఇక్కడ మినహాయింపు ఉంది. బంతిని ఇసుకలోనే, జెండాకు దగ్గర కాకుండా పక్కన వేసుకుంటే జరిమానా పడదు."

"కుందేలు తవ్వితే సరే, ఎలుక తవ్వితే సరే. కుక్క బొరియల్లో ఉండే జంతువు కాదమ్మా. దానికి రిలీఫ్ లేదు. ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నాను."

"మీరు చెప్పేది పాత రూలు సార్. కొత్త పుస్తకంలో పురుగులు, వానపాముల్లాంటివి తప్ప ఏ జంతువు తవ్వినా గొయ్యి గొయ్యే. డిపోలో బండి బయల్దేరేలోపు రోజుకో పేజీ చదివాను."

సెక్రటరీ మొహం గంటు పెట్టుకున్నాడు. "అసలిది గొయ్యి అని ఎవరన్నారు? కాలి గీతలు. కుక్క నడిచింది, ఇసుక చెదిరింది. అడుగుజాడలకు రిలీఫ్ ఉండదు, అదీ నీ కొత్త పుస్తకంలోనే ఉంటుంది చూడు."

అది నిజమే. జంతువు అడుగుజాడలకు మినహాయింపు లేదు. డ్రైవరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. రెఫరీ ఎక్కడో పద్దెనిమిదో దగ్గర ఉన్నాడు. ఈయన రెఫరీ కాడు, తనతో ఆడే మనిషి.

"అయితే రెండు బంతులు ఆడతాను. సందేహం వస్తే అలా ఆడొచ్చు. పక్కన వేసుకున్న దాని లెక్కే కావాలని ఇప్పుడే చెబుతున్నాను. చీటీ ఇచ్చేముందు కమిటీకీ చెబుతాను. వాళ్ళే తేలుస్తారు."

గోతిలో బంతి మూడు దెబ్బలకు గానీ బయటికి రాలేదు. కన్నంలో వేయడానికి ఇంకో రెండు, దానితో మొత్తం ఏడు. పక్కన వేసుకున్న బంతి ఒక్క దెబ్బకే లేచి జెండా దగ్గర పడింది. అక్కడా ఇంకో రెండు, దానితో మొత్తం ఐదు. సెక్రటరీ రెండు అంకెలూ రాసుకుని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఇసకక్కా, మొత్తం చదును చెయ్. ఒక్క గీత మిగలకూడదు" అన్నాడు.

ఇసకక్క దంతె ఎత్తింది. పళ్ళు ఇసుకకు తగలబోతుండగా ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆమె చెరిపిన గీతలకు లెక్క లేదు. కానీ దీన్ని చెరిపితే తర్వాత ఎవరేమన్నా అదే నిజమవుతుంది.

"కమిటీవాళ్ళు వచ్చి చూశాక చేస్తాను సార్," అంది.

"వెనక జట్టు వస్తుంది."

"మీదే చివరి జట్టు సార్."

ఆయన దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "పొద్దున నువ్వు సరిగ్గా పని చేసి ఉంటే ఈ గొడవే లేదు. అది గొయ్యి అని తేలితే తప్పు నీ మీదికి వస్తుంది. ఆలోచించుకో."

"తప్పయితే నాదే రాసుకోండి. గొయ్యి మాత్రం ఉంది."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె దంతెను గట్టు మీద పడుకోబెట్టి నిలబడింది. ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేని పని. ఇంట్లో కూడా కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టేదే తప్ప మాట అనేది కాదు.

అరగంటకు కుక్క వచ్చింది. తన మంచం తనకు కావాలన్నట్టు గోతి వైపు నడిచింది. "ఇవాళ కాదే తల్లీ, నీ ఇల్లు కోర్టులో ఉంది" అంటూ తోలింది. అది కాస్త దూరంలో కూర్చుని గుర్రుగా చూసింది. దాన్ని నమ్మలేక, కలుపు మోసే పెద్ద ప్లాస్టిక్ తొట్టిని తెచ్చి గోతి మీద బోర్లించింది.

తర్వాత తోటమేస్త్రీ వచ్చాడు. మంచివాడే, భయస్థుడు. "అక్కా, సెక్రటరీ గారి ఫోను. నీళ్ళు వదలమంటున్నారు. పచ్చిక ఎండిపోతోందట."

"పోటీ రోజు ఇంత ఎండలో పచ్చికకు నీళ్ళా?"

"నేనేం చేసేది? పెద్దవాళ్ళ గొడవల్లో మనం తలదూర్చకూడదు. ఎవరు గెలిస్తే మనకేంటి, ఎవరు ఓడితే మనకేంటి?"

"నాకూ ఏమీ లేదు మేస్త్రీ. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలీదు. ఉన్నదాన్ని లేదనిపించడానికి నా చెయ్యి కావాలన్నారు. ఇవ్వను. నువ్వు నీ పని చేసుకో."

మేస్త్రీ తల గోక్కుంటూ షెడ్డుకు పోయాడు. కాసేపటికి పచ్చికలోంచి గొట్టాలు తల ఎత్తి బుస్సుమన్నాయి. నీళ్ళు గుండ్రంగా తిరుగుతూ గుంట మీదికి వచ్చాయి. ఇసకక్క తొట్టి మీద కూర్చుంది, గాలికి అది కదలకుండా. మొదటి చుట్టుకే నిలువునా తడిసింది. రెండో చుట్టుకు కళ్ళు మూసుకుంది. మూడోసారి తనలో తనే నవ్వుకుంది. ఎండలో ఇరవై రెండేళ్ళు పనిచేస్తే ఒక్కడూ ఇంత చల్లగా చూసుకోలేదు.

పది నిమిషాలకు నీళ్ళు ఆగిపోయాయి. షెడ్డు గుమ్మంలో మేస్త్రీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే కట్టేశాడు. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

కమిటీ వచ్చేసరికి పొద్దు వాలింది. ముందు నడుస్తున్నది కమిటీ పెద్ద, పని మానేసిన పళ్ళ డాక్టరు. వెనక రెఫరీ, సెక్రటరీ, డ్రైవరమ్మ. తొట్టి మీద తడిసి ముద్దయి కూర్చున్న ఆడమనిషిని చూసి డాక్టరు ఆగాడు.

"ఏమిటమ్మా ఇది?"

"గొయ్యి కింద ఉంది సార్. చూస్తారని ఆగాను."

లేచి తొట్టి పక్కకు తీసింది. చుట్టూ ఇసుక నీళ్ళకు పేరుకుపోయి నున్నగా అయింది గానీ, తొట్టి కింద మాత్రం గొయ్యి గొయ్యిలాగే ఉంది. అంచున కుక్క గోళ్ళ గీతలు, పక్కన తోడేసిన ఇసుక కుప్ప. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేతి దాకా దిగింది.

"సెక్రటరీ గారూ, ఇది అడుగుజాడ అన్నారు కదా. మన మైదానంలో ఏనుగులు ఎప్పటినుంచి తిరుగుతున్నాయి?"

రెఫరీ దగ్గాడు. పుస్తకం తెరిచి ఆ పేరా బిగ్గరగా చదివాడు. ఆ రూలు ఏ జంతువన్నది అడగలేదు, జంతువు తవ్విందా లేదా అన్నదే అడిగింది. డ్రైవరమ్మ లెక్క ఐదని తేల్చారు. దాంతో ఆమెకు మొత్తం డెబ్బై ఐదు, అల్లుడికి డెబ్బై ఆరు. ఒక్క దెబ్బ తేడాతో ఆమె గెలిచింది.

అందరూ వెళ్ళాక డ్రైవరమ్మ వెనక్కి వచ్చింది. దంతె తీసుకుని, "నేను చదును చేస్తానక్కా, గుంట చెదరగొట్టింది నేనే" అంది.

"నువ్వు చేస్తే వంకరగా వస్తుంది. ఇటివ్వు." అని లాక్కుని, "ఏడు నంబరు బస్సు నువ్వేనా నడిపేది? మలుపు దగ్గర ఆపకుండా పోతుంటావు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. సెక్రటరీ ఒక కాగితం ముందుకు తోశాడు. పై అధికారి మాట వినకపోవడం తన తప్పని, క్షమించమని అందులో ఉంది.

"సంతకం పెట్టు. లేకపోతే ఇసుక దగ్గరికి వెళ్ళనక్కర్లేదు, పార్కింగులో చెత్త ఏరుకో."

"చెత్త ఏరుతాను సార్. సంతకం పెట్టను. ఇంకో మాట. ఇక్కడ కుక్క తవ్వినా గొయ్యి గొయ్యేనని బోర్డు మీద రాయండి. రేపు ఇంకొకళ్ళతో ఇదే గొడవ పడతారు."

"నువ్వా నాకు చెప్పేది?"

"పళ్ళ డాక్టరు గారికి కూడా చెప్పే వచ్చాను సార్."

గురువారానికి నోటీసు పడింది, కింద సెక్రటరీ సంతకంతో సహా. ఇసకక్క అది చదవడానికే పార్కింగు నుంచి బోర్డు దాకా నడిచి, చీపురు చంకలో పెట్టుకుని, నింపాదిగా రెండుసార్లు చదువుకుంది.

పార్కింగులో రెండు నెలలు ఉంది. ఈలోగా ఇసుక గుంటలు వేరేవాళ్ళ చేతుల్లో కోడి కెలికినట్టు తయారయ్యాయని సభ్యులు గోలపెట్టారు. ఒకరోజు మేస్త్రీ ఆమె దంతె తెచ్చి పార్కింగు గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని భుజాన వేసుకుని మొదటి గుంట వైపు నడిచింది.

సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చేసిన క్షమాపణ కాగితం భర్త కంట పడింది. ఆయనకు పంక్చర్ల షాపు. అంతా చదివి, "ఇంతకీ ఇది ఏం చేద్దాం?" అన్నాడు.

"మందంగా ఉంది. ట్యూబుకు గమ్ము పూసేటప్పుడు కింద పరుచుకో," అంది ఆమె.