ఆరని దీపాల బోర్డు

వామనరావు చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని కూర్చున్నాడు, సుభాషిణికి మొదటి అనుమానం అక్కడే కలుగుతుంది. పోయేముందు నాన్నకు గుండీ పెట్టుకోవడం చేతనయ్యేది కాదు, కూతురి పేరు కూడా నోటికొచ్చేది కాదు, మతిమరుపు జబ్బు మనిషిని అంతలా తినేసింది. అలాంటివాడు ఇప్పుడు తను ఉద్యోగం చేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, నున్నగా తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు బోర్డు ముందు కూర్చున్నాడు, ఆ ఎక్స్ఛేంజి చూస్తూ ఉండగానే ఆమె ప్రయోగశాల అవుతోంది, బోర్డు మీది చిన్న దీపాలు ఆమె మైక్రోస్కోపులో చూసే నాడీకణాలవుతున్నాయి.

"ఇవి ఆరడం లేదేంటమ్మా?" అంటాడు.

కాల్షియం లోపలికొస్తే కణం వెలుగుతుంది, బయటికి తోడేస్తే ఆరుతుంది, అలా వెలిగి ఆరుతుంటేనే ఒక కణం కబురు ఇంకో కణానికి అందుతుంది, తోడే శక్తి తగ్గి లోపలే పేరుకుపోతే కణం చచ్చిపోతుంది. జబ్బు మొదట్లో ఇదంతా ఆయనకు చెప్పింది ఆమే. గంట మోగాలి, ఆగాలి కూడా అన్నమాట, అని ఆయన తలూపాడు. చదువుకున్న పిల్ల, నోరు ఊరుకోలేదు. ఆ తర్వాత ఆయన ఆమె చేతి పాలు ముట్టలేదు, మజ్జిగ ముట్టలేదు, ఎముకలకని డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు దిండు కింద దాచేశాడు. తాగిన పాలు తిన్నగా మెదడు కణాల్లోకి పోవని ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. తనను చూసి భయపడుతూనే పోయాడా అన్న ప్రశ్న ఆమెను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఆమె చేతిలోకి మజ్జిగ గ్లాసు ఎప్పుడొచ్చిందో తెలియదు, ఆయన మాత్రం చూడనే చూశాడు.

"ఇందులో ఏం కలిపావు?"

"ఉప్పే నాన్నా."

ఆయన అందుకోడు. నువ్వు చెప్పిన మాట నమ్మాను కాబట్టే తాగలేదు, నీమీద అనుమానమేం లేదు అంటాడు. ఆమె ప్రాణం లేచొస్తుంది, అంతలోనే అనుమానం మళ్లీ మొదలవుతుంది, ఇంత తియ్యగా మాట్లాడేవాడు నాన్నేనా అని.

"మరి పక్కింటి కామాక్షమ్మగారు ఇస్తే గటగటా తాగేవాడివిగా?"

వామనరావు దీపాల వైపు తిరుగుతాడు.

"ఆవిడకి ఇవేం తెలీవుగా."

"నేను నీకు విషం పెడతానా నాన్నా?"

"పెడతావనలేదు తల్లీ. పెట్టడం తెలిసినదానివి అంటున్నా."

ఆమెకు ఏడుపు తన్నుకొస్తుంది, బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారే వెలిగి అలాగే ఉండిపోతాయి.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి సాయంత్రపు ఎండ మొహాన పడుతోంది. భర్త ప్రకాశం కాఫీ పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నాడు. సుభాషిణి గ్లాసు అందుకుని నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"ఇందులో ఏం కలిపారు?"

"చక్కెరే. కాస్త ఎక్కువ పడిందేమో" అన్నాడాయన మామూలుగా.

ఆమె నవ్వుదామనుకుంది. నవ్వు రాలేదు, గ్లాసు పెదవుల దగ్గరే ఉంది, చూపు ఆయన చేతిమీద ఉంది.