ఊపిరి తుడిచేసిన పాట

మా ఆయన బ్యార్ట్లకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేస్తే గాని మనిషి దక్కడన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. స్వరం పోయాక బ్యార్ట్లలో దక్కే మనిషెవరో ఆ డాక్టరుకు ఎవరు చెప్పాలి? సముద్రం ఒడ్డున మా కార్నా వైపు బ్యార్ట్ల అంటే పాట. చేపలు పట్టాడు, గొర్రెలు మేపాడు, తాగడంలోనూ ఎవరికీ తీసిపోలేదు. అవి ఊళ్లో అందరూ చేసేవే. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న ముగ్గురన్నదమ్ముల పాట మాత్రం ఆయనొక్కడికే వచ్చు. పడవలో వెళ్లి తిరిగి రాని అన్నల కోసం చెల్లెలు ఏడ్చే పాట అది. వాయిద్యం ఉండదు, తాళం ఉండదు. ఒట్టి గొంతు.

ఆపరేషన్‌కు ముందే ఆ పాటను రికార్డు చేయించాలని పట్టుబట్టింది నేనే. మనిషి మూగబోయినా గొంతు ఇంట్లో ఉండాలి. అంతకు మించి నేనేమీ కోరుకోలేదు.

మా అమ్మాయి క్లీనా గాల్వే పట్నంలో ఉంటుంది. కంప్యూటర్ మీద సంగీతం చేస్తుంది. యాంబియెంట్ అంటారట. ఒకే స్వరం మబ్బు పట్టినట్టు కమ్ముకుంటుంది, కదలదు, పోదు. ఒకసారి విని "ఫ్రిజ్ చప్పుడులా ఉందే" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు నా ఫోన్ ఎత్తలేదు. అలాంటిది నాన్న సంగతి చెప్పగానే మైకులు కార్లో వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"నాన్న గొంతు చుట్టూ నా సంగీతం పెడతానమ్మా. మన భాష రానివాళ్లు కూడా చెవులప్పగించి వింటారు, చూస్తూండు."

వెనకగదిలో గోడలకు దుప్పట్లు కట్టింది. ఆయన్ను ఒంటరిగా కూర్చోబెట్టి తలుపేసింది. రెండు చరణాలు కాకుండానే ఆయన ఆపేశాడు.

"దుప్పట్లకు పాడమంటే ఎలాగే? మీ అమ్మను పిలు."

మా దగ్గర పాడేవాడి చెయ్యి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పాట సాగినంతసేపూ తిరగలి తిప్పినట్టు ఆ చెయ్యి మెల్లగా తిరుగుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన చెయ్యి పట్టుకునేది నేనే. ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఎక్కడ లాగుతాడో నా మణికట్టుకు తెలుసు. వెళ్లి పక్కన కూర్చుని తిప్పడం మొదలెట్టగానే క్లీనా హెడ్‌ఫోన్లు తీసేసింది.

"అమ్మా, కుర్చీ కిర్రుమంటోంది. నాన్న కోటు కూడా చప్పుడు చేస్తోంది. పట్టుకో, కానీ తిప్పకు."

"కదపకుండా పట్టుకోడానికి మీ నాన్నేమన్నా శవమా?"

"ఒక్కసారికేగా!"

కదలకుండా కూర్చున్నాను. ఆయన పాడాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఒక్క మాట తప్పకుండా చివరిదాకా లాక్కొచ్చాడు. ఆ పాట విని నాకు ఏడుపు రాకపోవడం అదే మొదటిసారి. జబ్బు వల్ల గొంతు అలా ఉందేమో అని సర్దిచెప్పుకున్నాను.

ఆపరేషన్ అయింది. మెడ కింద రంధ్రం పెట్టారు. ఊపిరంతా అందులోంచే. మాట్లాడే యంత్రం ఇస్తామంటే ఆయన తల అడ్డంగా ఊపేశాడు. ఆసుపత్రిలో రోజూ మంచం పక్కన కూర్చుని ఆయన పెదవులు చదవడం నేర్చుకున్నాను. క్లీనాకు అది పట్టుబడలేదు. ఆయన ఏమన్నా నన్నే అడిగేది.

చలికాలం వెళ్లాక పాట తయారైందని వచ్చింది. ఆదివారం చర్చి నుంచి ఇరుగుపొరుగంతా మా ఇంటికే వచ్చారు. చిన్నప్పట్నుంచీ ఆయనతో పడవెక్కిన ఫెస్టీ విస్కీ సీసా బల్లమీద పెట్టాడు.

"బతికుండగానే మాసికం పెట్టించుకుంటున్నావేంట్రా?"

మా ఆయన పిడికిలి చూపించాడు. అందరం నవ్వాం.

క్లీనా మీట నొక్కింది. ముందు దూరంగా సముద్రపు హోరు లాంటిదేదో వచ్చింది. అందులోంచి ఆయన గొంతు లేచింది. అందంగానే ఉంది, కాదనను. ఫెస్టీ ఊరుకోలేక "నిన్ను కన్న తల్లికి దణ్ణంరా బ్యార్ట్లా!" అని అరిచాడు. ఎప్పుడూ ఆ మాటతో బలం తెచ్చుకుని తర్వాతి చరణం అందుకునేవాడు ఆయన. ఈ గొంతు ఎవరి మాటా వినకుండా తన దారిన తాను పోయింది.

నేను ఆయన చెయ్యి పట్టుకుని తిప్పడం మొదలెట్టాను. ఆయన పెదవులు పాటను అందుకున్నాయి. మొదటి వరుస చివర ఊపిరి కోసం ఆగాడు. పాట ఆగలేదు. పరుగెత్తి అందుకున్నాడు. మళ్లీ ఆగాడు, మళ్లీ వెనకబడ్డాడు. మెడ దగ్గర గస మొదలైంది. ముఖం కందగడ్డయింది.

"ఊపిరి తీసే చోట్లు ఏమయ్యాయే?" అన్నాను క్లీనా చెవిలో.

"ఆ గురకలా? అన్నీ తుడిచేశానమ్మా. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు!"

దాని కళ్ల కింద నల్లటి చారలు. నిద్ర మానుకుని చేసిన పని. ఏమని తిట్టను? ఆ మనిషికి మిగిలింది ఊపిరొక్కటే, దాన్నే చెత్త అనుకుని ఊడ్చేసింది. తిరిగి పెట్టమన్నా పెడుతుంది, కానీ నా చెయ్యి తిరగనప్పుడు పాడిన పాటే కదా అది. అసలైనది ఇక ఎక్కడా లేదు.

ఆయన చెయ్యి లాక్కున్నాడు.

హోరు సన్నబడి సన్నబడి ఎప్పుడు ఆగిందో తెలియలేదు. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. క్లీనా వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎలా ఉంది నాన్నా?"

పెదవులు కదిలాయి. నాకు అర్థం కావాలని మెల్లగా, రెండుసార్లు.

'ఆ పాడిందెవరు?'

"ఏమంటున్నారమ్మా?"

"బాగుందంటున్నారు" అన్నాను.

క్లీనా ఆయన ఒళ్లో తలపెట్టి ఏడ్చేసింది. ఆయన దాని జుట్టు నిమురుతూ నన్నే చూస్తున్నాడు. ఆయన మాట బయటికి రావడానికి నేనొక్కదాన్నే దారి. ఆ దారిని నేను మూసేశానని ఆయనకు తెలిసిపోయింది.

"మళ్లీ పెట్టనా నాన్నా?" అని అడిగి, జవాబు కోసం క్లీనా నా ముఖంలోకి చూసింది.

"పెట్టు" అన్నాను.