నా మీద పెట్టి రాయించిన క్షమాపణ

నేను ఒక పరీక్ష అట్టని. అదే, ఎగ్జామ్ ప్యాడ్. చెక్క పొట్టుని జిగురుతో కలిపి మెషీన్లో నొక్కేస్తే పుట్టాను, నెత్తిన ఒక స్టీలు క్లిప్పు బిగించారు, ఆ క్లిప్పంటే నాకు భలే గర్వం. కోఠీలో ఓ షాపులో వేలాడుతుంటే నిహాల్ అనే ఏడో క్లాసు పిల్లాడు కొనుక్కున్నాడు. వాడు నా మీద పెట్టి రాసిందల్లా బట్టీనే. పల్లె మొహం చూడకుండానే 'పల్లె అందాలు' రాసి ఫస్టొచ్చాడు, ఇంట్లోవాళ్ళు చాక్లెట్లు పంచారు.

వాడికి కొత్త ప్యాడ్ రాగానే నేను పాత బట్టలతో పాటు దానం అయిపోయాను. ఎక్కడికనుకున్నారు, పిల్లల జైలుకి. గేటు మీద 'హోమ్' అని రాసుంటుంది లెండి. ఆ గేటు దగ్గరే పట్టకారుతో నా క్లిప్పు పీకేశారు. దాంతో పిల్లలు పొడుచుకుంటారంట. నిహాల్ దగ్గర అన్నేళ్ళున్నాను, అప్పుడు ఎవరికీ ఆ భయం వెయ్యలేదు, అదేంటో మరి.

శనివారాలు బయటి నుంచి ప్రణీత అక్క అని ఒకావిడ వచ్చి పిల్లల చేత కథలు రాయించేది. "మీ కేసుల గురించి రాయొద్దు, అది లాయరు చూసుకుంటాడు. మీకు మాత్రమే తెలిసిందేదైనా రాయండి" అనేది.

నేను జంపన్న ఒళ్ళోకి వెళ్ళాను. పదహారేళ్ళు వాడికి. ఫ్రెండు బండి వెనక కూర్చున్నాడు, ఆ ఫ్రెండు ఎవరి ఫోనో లాక్కున్నాడు, పోలీసులు ఇద్దర్నీ పట్టుకున్నారు. నాకేం తెలీదంటాడు జంపన్న. తేల్చాల్సింది కోర్టు, ఇంకా తేల్చలేదు.

మొదట్లో ఒక్క ముక్క రాయలేదు. పక్కనున్న ఫయాజ్ ఊరుకుంటాడా. "ఏందిరా, అట్ట మీద పండుకుంటవా?"

"నాకేం తెలుసురా రాయనీకి."

"కంకుల సంగతి తెల్వదా? దినాం అదే సోది చెప్పి నా చెవులు తింటవు కదా."

అంతే, మొదలెట్టాడు. వాళ్ళమ్మ లచ్చవ్వ మెట్రో పిల్లరు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తుంది. వాన మొదలైతే ఊరంతా తిట్టుకుంటూ పరిగెడుతుంది, ఆమె ఒక్కతే నవ్వుతుంది, ఎందుకంటే వాన పడితేనే బేరం. కొంగు తీసి బొగ్గుల మీద అడ్డం పట్టి తను తడుస్తుంది. కంకి కాలిందో లేదో చూసి చెప్పదు, గింజల చిటపట విని చెప్తుంది. చదువుతుంటే ప్రణీత అక్క కళ్ళు మెరిశాయి. నాకైతే, బతుకంతా బట్టీ మోసినదాన్ని, వీపు మీద వాన పడినట్టయింది.

ఇంతలో అక్కడ ఏటా జరిగే గెస్టుల ఫంక్షన్ వచ్చింది. పెద్దవాళ్ళొస్తారు, పిల్లల ఇళ్ళవాళ్ళనీ పిలుస్తారు, ఒక పిల్లాడు తను రాసింది చదవాలి. అక్క జంపన్న పేరు చెప్పింది. సూపరింటెండెంట్ భుజంగరావు ఆ కాగితం చదివి, తిప్పి వెనక కూడా చూశాడు.

"వీడు చేసిన తప్పు ఎక్కడుందమ్మా ఇందులో? గెస్టులు కంకుల గురించి వినడానికొస్తారా? మార్పు చూడ్డానికొస్తారు."

ఏటా చదివించే క్షమాపణ ఒకటి ఆయన దగ్గర రెడీగా ఉంది. పిల్లాడి పేరు మారుస్తారంతే. 'నేను చెడు స్నేహాలు పట్టి దొంగతనం చేశాను, కన్నతల్లి పరువు తీశాను.' దాన్ని జంపన్న చేత కాపీ రాయించారు. నా మీద పెట్టే రాయించారు.

"కేసు నడుస్తోంది సార్, వీడి నోటితో ఒప్పిస్తే ఎలా?" అంది అక్క.

"ఇది కోర్టు కాదమ్మా, కల్చరల్ ప్రోగ్రాం." తర్వాత జంపన్న వైపు తిరిగాడు. "ఇది చదువు, కోర్టుకి మంచి రిపోర్టు రాస్తా, తొందరగా ఇంటికెళ్తావు. లేదంటే నీ ఇష్టం."

స్టేజీ ఎక్కాడు. ఆ కాగితాన్ని నా మీదే పెట్టి పట్టుకున్నాడు. 'గౌరవనీయులైన' దాకా చదివి ఆగాడు. చివరి వరసలో లచ్చవ్వ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"సార్, ఇది నేను రాసింది కాదు" అన్నాడు. "నేను రాసింది చెప్త."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నన్ను గుండెకి ఆనించుకుని కంకుల సంగతి మొత్తం చెప్పాడు. గుండె నా మీద దరువేస్తోంది. ముందు వరసలో ఒక పెద్దమనిషి పక్కాయన్ని అడుగుతున్నాడు, "హోమ్‌లో పిల్లలకి కంకులు కూడా పెడతారాండీ?"

ఫంక్షన్ అయ్యాక భుజంగరావు లచ్చవ్వని ఆపాడు. "మీవాడికి ఇంకా బుద్ధి రాలేదమ్మా."

"బుద్ధి సంగతి నాకు తెల్వదు సారు. వాడు చెప్పింది మాత్రం నిజం. నేను గట్లనే కాలుస్త."

రిపోర్టులో 'పశ్చాత్తాపం లేదు' అని రాశారు. చెయ్యలేదంటున్నవాడికి పశ్చాత్తాపం ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? జంపన్న ఇంకా లోపలే ఉన్నాడు. ప్రణీత అక్కని గేటు దగ్గరే ఆపేశారు, శనివారాలు పోయాయి. మా అట్టలన్నిటినీ స్టోరు రూములో పడేసి తాళం వేశారు.

నాకు మండిపోతోంది. బట్టీ రాసిన నిహాల్‌కి చాక్లెట్లు, సొంతంగా రాసిన జంపన్నకి తాళం. పిల్లలు మారాలి, మారాలి అంటారు, వాళ్ళు నోరు తెరిస్తే మీ మాటలే నోట్లో కుక్కుతారు. మీలో ఎవరికైనా ఆ తాళం తీసే అధికారం ఉంటే తీయండి. నన్ను మళ్ళీ ఏ పిల్లాడి ఒళ్ళోనైనా పెట్టండి. పైన కాగితం మాత్రం తెల్లగా ఉండాలి.