ఎనిమిది లెక్కల ఊపిరి

గాలి.

కిటికీకి వేలాడదీసిన లైనింగు గుడ్డలోకి వస్తుంది. గుడ్డ ఉబ్బుతుంది... మళ్ళీ మెల్లగా తగ్గుతుంది. చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేని పని ఒక్కటే ఆమెకి రాదు.

ఆమె దర్జీ. పొద్దున్న తొమ్మిదింటికి దుకాణం తలుపు తీసేవరకూ మాత్రం ట్రంపెట్ వాయిస్తుంది. ఊరి బ్యాండులో మూడో కుర్చీ — ట్రంపెట్ల వరసలో ఆఖరిది. పదకొండేళ్లుగా అదే కుర్చీ. తోటివాళ్ళు ఆమెని సైరన్ అంటారు. ఆమెకి కోపం రాదు — పైగా కాస్త గర్వం. ఎంత పై స్వరమైనా సరే, పట్టిందంటే కిటికీ అద్దాలు అదరాల్సిందే.

వాయించాక పై పెదవి మీద ఒక గుండ్రటి ముద్ర మిగిలేది. మౌత్‌పీస్ నొక్కిన ముద్ర. ఎర్రగా, మధ్యాహ్నం దాకా. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే, కష్టపడినదానికి గుర్తు అని చెప్పేది. కష్టమన్నది పైకి కనబడాలని ఆమె నమ్మకం.

ఈ ఏడాది మొదటి కుర్చీ ఖాళీ అయింది.

అందులో కూర్చునే పెద్దాయనకి ముందు పళ్ళు ఊడిపోయాయి. ఆ బోసి నవ్వుతోనే సెలవు తీసుకున్నాడు. కుర్చీతో పాటు ఒక స్వరం కూడా ఖాళీ అయింది. కొత్త కచేరీ ఆ స్వరంతోనే మొదలవ్వాలి. ఒక్క ట్రంపెట్. ఎనిమిది లెక్కలు — ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎంచేంత సేపు. మిగతా నలభై మందీ నోరు మూసుకుని వింటారు. మెత్తగా, నిలకడగా, ఎక్కడ మొదలైందో తెలియనట్టు... అంతే.

ఆమెకి ఆ స్వరం కావాలి. ఇంతకుముందు ఏదీ ఇంతగా కావాలనుకోలేదు. పదకొండేళ్లలో ఒక్క రోజైనా ఆమె ఒక్కర్తే వినబడలేదు.

మూడు వారాల్లో పరీక్ష. పోటీకి ఇద్దరే — ఆమె, రెండో కుర్చీ పొడుగాయన.

సాధనలో ఒకసారి వాయించి చూపించింది. మొదట గాలి ఉస్సుమంది. తర్వాత స్వరం పగిలింది. తర్వాత... సైరన్.

బ్యాండు మాస్టారు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఆయన అంతకుమించి తిట్టరు. చివరికి ఒక్క మాట అన్నారు.

"చప్పుడు మీ దగ్గర బోలెడుందమ్మా. నాదమే ఇంకా రాలేదు."

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంది.

ఆమె మొండిది. ట్రంపెట్‌ని పెదవికేసి ఇంకా గట్టిగా నొక్కింది. పెదవి వాచింది. స్వరం పిండేసినట్టు సన్నబడింది. ఇంకా నొక్కింది. ఏ పనైనా కాలేదంటే బలం చాలకే అని ఆమె ఉద్దేశం.

ఆ బలం కుట్టు మిషను మీదా చూపించింది. చేతులు మందపాటి కోటు మీద, బుర్ర ఆ ఎనిమిది లెక్కల మీద. గుడ్డ కదలట్లేదని పట్టి లాగింది. సూది వంగింది. ఎడమ చూపుడువేల్లోకి దిగిపోయింది.

పక్కన గుండీలు కుడుతున్న అత్తగారు లేచి వచ్చింది. ఆ దుకాణం ఆవిడ పెట్టిందే. కోడలికి పని నేర్పిందీ ఆవిడే. వేలికి గుడ్డ చుడుతూ తిట్టింది. ఆవిడకి తిట్టడం కూడా కట్టు కట్టడంలో భాగమే.

"ఇన్నేళ్లొచ్చాయి, ఇంకా గుడ్డని లాగుతావేమే? సూది కింద మిషను పళ్ళున్నాయి, గుడ్డని అవే ముందుకి తీసుకుంటాయి. నీ చెయ్యి దారి చూపిస్తే చాలు."

ఆసుపత్రిలో కట్టు వేసి, రెండు వారాలు విప్పకూడదన్నారు. ఎడమ చేత్తోనే ట్రంపెట్‌ని పట్టుకోవాలి. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. చెయ్యి లేకపోతే నొక్కడమెలా?

నొక్కలేదు.

అక్కడ ఆమె ఆగిపోయింది. నొక్కకపోతే...? దారి చూపిస్తే చాలు...?

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ బల్ల మీద మడతపెట్టిన కోట్లు పేర్చింది. నోటి ఎత్తుకి వచ్చేదాకా. పైన నున్నటి లైనింగు గుడ్డ పరిచి, ట్రంపెట్‌ని పడుకోబెట్టింది. ఎదురుగా స్టూలు వేసుకుంది. చేతులు రెండూ ఒళ్ళో; ఆ స్వరానికి మీటలతో పని లేదు. పెదవి ఆనించి ఊదింది.

ట్రంపెట్ దూరంగా జారిపోయింది.

మళ్ళీ ఊదింది. మళ్ళీ జారింది. నొక్కితే చాలు, పారిపోతోంది. ఇన్నేళ్లూ దీన్ని పారిపోకుండా పట్టుకుని వాయించానన్నమాట అనుకుని, తనలో తనే నవ్వుకుంది.

మూడో రోజు ట్రంపెట్‌ని పక్కన పెట్టి అద్దం ముందు కూర్చుంది. ఉత్త పెదవులతో ఊదింది. బ్ర్‌ర్‌ర్... తుమ్మెద తిరిగినట్టు. పెదవుల మూలలు బిగించింది. మధ్యని వదిలేసింది. బుగ్గలు ఉబ్బనివ్వలేదు, గడ్డం ముడుచుకోనివ్వలేదు. అత్తగారు అటుగా వచ్చి, ఇంకో వేలికి కూడా ఏమైనా అయిందా అని ఆరా తీసి వెళ్ళింది.

మూలలు గట్టి. మధ్య మెత్తన.

మూలలు గట్టి. మధ్య మెత్తన.

బలం చేతిలోంచి పెదవి మూలల్లోకి వచ్చింది. అక్కణ్ణుంచి పొట్టలోకి దిగింది. పొట్టలోంచి గాలి లేచింది.

తొమ్మిదో రోజు ట్రంపెట్ జారలేదు.

స్వరం మొదలుపెట్టడానికి నాలుకతో తట్టలేదు. గాలిని వదిలింది, అంతే. పెదవులు వాటంతటవే కదిలాయి — స్వరం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియలేదు. గుండ్రంగా ఉంది. వెచ్చగా ఉంది. గది నాలుగు మూలలకీ వెళ్ళింది. అద్దాలు అదరలేదు.

అత్తగారి చేతిలో గుండీ ఆగింది.

"ఎవరే ఆ వాయించింది?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కోడలి పెదవిని చూసింది. ముద్ర లేదు. మళ్ళీ వాయించమంది. పదకొండేళ్లలో ఆవిడ మళ్ళీ అని అడగడం అదే మొదలు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే.

పరీక్ష రోజుకి కట్టు విప్పేశారు.

బడి పై అంతస్తులో హాలు. మడత కుర్చీలు. ముందు పొడుగాయన వాయించాడు. బాగా వాయించాడు, అబద్ధమెందుకు? ఆరో లెక్క దగ్గర మాత్రం స్వరం కొంచెం వణికింది.

తర్వాత ఆమె. ఎడమ చేతికి పట్టు దొరికింది. దొరకగానే పాత బుద్ధి మొదలుపెట్టింది. వేళ్ళు బిగిశాయి... నొక్కు, నొక్కు అన్నాయి. వెనక ఎవరో సైరన్ వస్తోందని చెవులు మూసుకున్నారు. నవ్వులు.

ఆమె ట్రంపెట్‌ని దించింది. అందరూ చూస్తుండగా ఎడమ చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచింది. దాని మీద ట్రంపెట్‌ని పడుకోబెట్టింది. వేళ్ళు మూయలేదు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నొక్కితే జారుతుంది. జారితే నలభై మంది ముందు నేల మీద పడుతుంది.

భయం లేదా అంటే ఉంది. కానీ ఏం చెయ్యాలో భయం కన్నా ముందే ఆమె పెదవికి తెలుసు.

మాస్టారు చెయ్యెత్తారు.

మూలలు గట్టి. మధ్య మెత్తన.

ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు. ఉన్నట్టుండి హాలులో ఆ స్వరం ఉంది. ఒకటి... రెండు... చెవుల మీది చేతులు కిందికి దిగాయి. ఐదు... ఆరు... ఆరు వణకలేదు. పొడుగాయన తల తిప్పి చూశాడు. ఏడు... ఎనిమిది.

ఎనిమిది అయిపోయింది. మాస్టారు చెయ్యి దించాలి. దించలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు.

తొమ్మిది... పది...

ఆ చెయ్యి ఎప్పుడు దిగుతుందో, దిగాక ఏ కుర్చీని చూపిస్తుందో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఆమె లోపల ఇంకా గాలి ఉంది.