పై గీత దాటిన చేప

మా గాలం క్లబ్బు వార్షిక పోటీలో కొలతబల్ల దగ్గర కూర్చునే బాధ్యత నాది. ఉద్యోగ జీవితమంతా తూనికలు, కొలతల శాఖలో గడిపినవాణ్ణి కనుక ఆ కుర్చీని నాకు అప్పగించారు. అప్పగించినవారే ఈ ఏటి పోటీలో దానిని నా కింద నుంచి లాగివేయాలని చూశారు. అది ఎలా జరిగిందో చెబుతాను.

కొలతబల్ల అంటే పొడవైన చెక్క. దానికి ఒక చివర చిన్న అడ్డుపలక నిలువుగా బిగించి ఉంటుంది. చేప మూతిని ఆ పలకకు ఆనించి, నోరు మూసి, ఒంటిని తిన్నగా పరచి, తోక ఎక్కడికి వచ్చిందో చూడాలి. బల్ల మీద రెండు ఎర్ర గీతలున్నాయి. తోక కింది గీతను అందుకోకపోతే అది ఇంకా ఎదగని చేప. పై గీతను దాటితే తల్లి చేప. రెంటినీ గాలం విప్పి వెంటనే నీటిలో వదిలివేయాలని, వదలనివారి గాలం కర్రను ఏడాదిపాటు జప్తు చేస్తామని తీర శాఖవారి నియమం. చిన్నవాటిని వదలడం అందరికీ అర్థమవుతుంది. పెద్దవాటిని ఎందుకు వదలాలని ఇప్పటికీ నన్ను నిలదీసేవారున్నారు. మా పోటీ పండుగప్ప చేపకే; అది మగదిగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుంది. అందుచేత బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే. అటువంటి దానిని ఒకదానిని చంపితే దాని కడుపున పుట్టవలసిన లక్షల చేపలను కూడా చంపినట్టే. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా, వినేవారు తల ఊపి, చేసేది చేస్తూనే ఉన్నారు.

పోటీనాటి వాతావరణం వేటకు అన్ని విధాలా అనుకూలించింది. అంతకుముందు కురిసిన వానకు ఏరు సముద్రంలో కలిసే చోట నీరు కలక బారింది. గాలి నేల వైపు నుంచి మెల్లగా వీస్తోంది. పోటు ఎక్కడం మొదలైంది. కలక నీరూ తేట నీరూ కలిసే అంచు వెంట పండుగప్ప మేతకు తిరుగుతుందని అందరికీ తెలుసు కనుక, రాతికట్ట చివర నిలబడడానికి తెల్లవారకముందే తోపులాట జరిగింది. ఆ తోపులాటలో గెలిచినవాడు నా బావమరిది.

మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. టైర్ల దుకాణం నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాడు గాని, అతని నోట్లో పడిన ప్రతి వస్తువూ రెండింతలై బయటికి వస్తుంది. ఆ ఉదయం గాలానికి చేప పడిన క్షణం నుంచి అతను నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. దారం మొత్తం లాగేసుకుందనీ, చేతులు బొబ్బలెక్కాయనీ, ఒడ్డున ఉన్నవాళ్ళంతా తమ కర్రలు పక్కన పడేసి చూడడానికి వచ్చారనీ చెప్పాడు. చివరికి అతను చెప్పిన మాట ఇది.

"అది చేప కాదు బావగారూ, దూడ."

దూడంత చేప అయితే పై గీత దాటుతుంది కదా, వదిలిపెట్టావా అని అడిగాను. సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం కొలతలు ముగిసే వేళకు అతను చక్రాల బండి మీద ఒక గుండ్రటి ఐసు తొట్టెను తోసుకుంటూ వచ్చాడు. అతనికి చేపల కోసమే చేయించుకున్న పొడవాటి పెట్టె ఉందని క్లబ్బులో ఎరగనివారు లేరు. అది ఉండగా ఆ గుండ్రటి తొట్టె ఎందుకు తెచ్చాడో మూత తీయగానే నాకు బోధపడింది. చచ్చిన చేప కొన్ని గంటలకు బిగుసుకుపోతుంది. ఏ భంగిమలో పెడితే ఆ భంగిమలోనే కొయ్యబారుతుంది. మా వాడు ఆ పండుగప్పను తొట్టె అంచు వెంట చుట్టి కుక్కాడు. ఇద్దరు పట్టుకుని బల్ల మీద పెట్టేసరికి అది విల్లులా వంగి కూర్చుంది. మూతి అడ్డుపలకకు ఆనింది. తోక పై గీతకు వేలెడు ఇవతలే ఆగింది.

అప్పటివరకు కొలిచిన చేపలన్నిటిలో అదే పొడవు. కప్పు తనదేనన్నట్టు అతను చొక్కా సర్దుకున్నాడు.

ఇది వంకరగా ఉంది, తిన్నగా పెట్టాలి అన్నాను.

"చచ్చిపోయింది బావగారూ. ఇప్పుడు మనం చెప్తే వింటుందా?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేను నవ్వలేదు. నెమ్మదిగా ఒత్తితే బిగిసిన కండ సాగుతుందని, తల నేను పట్టుకుంటాను, తోక ఎవరైనా పట్టుకోండని అడిగాను. ఎవరూ కదలలేదు. కొందరు సముద్రం వైపు చూశారు. కొందరికి అప్పుడే ఫోన్లు చూసుకోవలసిన పని పడింది.

ఇంతలో మా అధ్యక్షుడు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన పడవ ఇంజన్ల వ్యాపారి. కప్పు ఇచ్చేది ఆయన దుకాణమే. ఫొటోగ్రాఫరు వచ్చి ఉన్నాడు. పెద్ద చేప పక్కన ఆయనా, ఆయన వెనుక దుకాణం బోర్డూ పడాలి. ఆయన గొంతు తగ్గించి మర్యాదగానే మాట్లాడాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. నా వయసు ప్రస్తావించాడు. బల్ల మీద కనిపించినది చదవడానికి చూపు ఉన్నవాడు ఎవడైనా సరిపోతాడనీ, నాకు ఇబ్బందిగా ఉంటే ఈ పూటే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారనీ సూచించాడు. చివరకు అసలు మాట అన్నాడు.

"వంచారా, వంగిందా అన్నది మనకెందుకు సార్? తోక ఎక్కడుందో అది చదవండి, చాలు."

"కుర్చీ మీది. కావాలంటే తీసుకోండి," అన్నాను. "నేను అందులో ఉన్నంతసేపు మాత్రం దొంగ కొలత నా నోటి నుంచి రాదు."

తిరిగి వచ్చి కూర్చున్నాను. అధ్యక్షుడు నా వెనుకనే వచ్చి, సార్ ఇప్పుడు ప్రకటిస్తారని బిగ్గరగా అన్నాడు. నేను బల్ల వైపు చూసి, ఉన్నది ఉన్నట్టే ప్రకటించాను: వంగి ఉన్న ఈ చేపకు కొలత లేదు, ఇదే దీని నిజమైన పొడవని దీని యజమాని అంటే, నిరుడు పళ్ళ డాక్టరు పట్టిన చేప కంటే ఇది చిన్నది.

అందులో అబద్ధం లేదు. మా క్లబ్బులోని పళ్ళ డాక్టరు నిరుడు పట్టిన చేప పై గీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆ సంగతి ఆయన ఏడాది పొడవునా ఎవరినీ మరచిపోనివ్వలేదు. జనంలో నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమండోయ్, పొద్దుట దూడ అన్నారు. మేకపిల్ల దిగిందేమిటి?"

మా బావమరిది ముఖం కందిపోయింది. కప్పు చేజారినా అతను ఓర్చుకునేవాడు. తన చేపను చిన్నదంటే ఓర్చుకునే గాలం వేటగాడు ఈ భూమి మీద పుట్టలేదు.

"చిన్నదా? మీ జన్మలో ఇంత చేపను చూశారా డాక్టర్‌గారూ?" అంటూ ముందుకు దూకి తోకను రెండు చేతులా పట్టుకున్నాడు. "తల పట్టుకోండి బావగారూ. ఇవాళ తేలిపోవాలి."

నేను తల పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాని నడుము మీద మెల్లగా ఒత్తాము. లోపల ఏదో సడలినట్టయింది. వంపు కొద్దికొద్దిగా తగ్గి, చేప బల్లకు అంటుకుంటూ సాగింది. తోక పై గీతను తాకింది, దాటింది, జానెడు అవతలికి పోయి ఆగింది.

"చూశారా?" అని అతను గర్వంగా చుట్టూ చూశాడు.

అందరూ బల్ల వైపే చూస్తున్నారు. వారి చూపుల వెంట అతని కళ్ళు మెల్లగా బల్ల మీదికి, ఎర్ర గీత మీదికి వచ్చాయి.

"పై గీత దాటింది. ఈ చేప పోటీలో లేదు," అని ప్రకటించాను. రేపు తీర శాఖ కార్యాలయానికి వెళ్ళి జరిగింది తనే చెప్పుకోవాలనీ, తోడుగా నేనూ వస్తాననీ అతనితో అన్నాను.

"ఈ ఏడాదికి నా కర్ర పోయినట్టే కదా?"

"పోయినట్టే."

"అయితే అక్కకి మీరే చెప్పండి."

ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టుకోవడం చూసి అధ్యక్షునికి మర్యాద ముగిసింది. క్లబ్బు పరువు నేనే తీశాననీ, కొలిచే మనిషిని మార్చక తప్పదనీ, కమిటీ కూర్చుని నిర్ణయిస్తుందనీ అందరికీ వినపడేటట్టు అన్నాడు. తలుపులు మూసుకుని నిర్ణయించవద్దు, నేను ఇక్కడే ఉన్నాను, నన్ను వద్దనేవారు ఇప్పుడే చేతులెత్తండి అన్నాను. లేచి నిలబడ్డాను కూడా, అందరి ముఖాలూ నాకు కనపడాలని.

అధ్యక్షుని చెయ్యి లేచింది. ఆయన దుకాణంలో అరువుకు ఇంజన్లు తెచ్చుకున్నవారి చేతులు కొన్ని లేచాయి. పళ్ళ డాక్టరు చెయ్యి కూడా లేచింది. ఉదయం ఆయన తెచ్చిన చేప కింది గీతను అందుకోలేదని వెనక్కు పంపాను, ఆ మంట ఆయనకు ఇంకా చల్లారలేదు. అధ్యక్షుడు నా బావమరిది వైపు ఆశగా చూశాడు. అతను ఆ పెద్ద పండుగప్పను పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"నా చేతులు ఖాళీగా లేవండీ," అన్నాడు. చేప అతని నడుము వరకు జారుతున్నా, దానిని కింద పెట్టలేదు.

మిగిలినవారు చేతులెత్తలేదు. ఇందాక సముద్రం వైపు చూసినవారు ఈసారి నా వైపు చూశారు. లేచిన చేతులు ఒకటొకటిగా దిగాయి. నేను కూర్చుని, బల్ల మీద నీళ్ళు పోసి కడిగి, తరువాతి చేప తెమ్మన్నాను.

వరుసలో తరువాత ఉన్నది పళ్ళ డాక్టరు. ఉదయం చేప వెనక్కు పోయాక ఆయన మళ్ళీ వెళ్ళి మరొకటి పట్టుకొచ్చాడు. నా ముఖం చూడకుండా చేపను బల్ల మీద పెట్టాడు. మూతిని పలకకు ఆనించాను, నోరు మూశాను, తోకను పరచాను. కింది గీతను దాటింది. పై గీతకు ఇవతల ఆగింది. అంతవరకు నిలిచిన చేపలన్నిటి కంటే పొడవుగా ఉంది. చూసినది చూసినట్టు ప్రకటించాను. వెనుక ఇక ఎవరూ లేరు గనుక కప్పు ఆయనదే.

ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. తరువాత నా వైపు వంగి, చెవిలో చెప్పినట్టు అడిగాడు.

"కొంచెం గట్టిగా చెబుతారా సార్? చివర ఉన్నవాళ్ళకు వినపడలేదేమో."

"నా కొలత నేను ఒకసారే చెబుతాను," అన్నాను. "నమ్మకం లేనివారు చేతులెత్తవచ్చు."