ఛార్జింగ్ మాత్రమే

పదకొండేళ్ళపాటు ఆ ప్రింటింగు షాపులో కంప్యూటరంటే పెద్దకోడలే. మామగారు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన కాలం నాటి మనిషి. మౌసు ముట్టుకోవాలంటే నిజం ఎలకను పట్టుకోమన్నట్టు జంకేవారు. భర్తకు కటింగు మిషను, బైండింగు తప్ప వేరే లోకం లేదు. బిల్లు పుస్తకాలైనా, విజిటింగు కార్డులైనా, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులైనా ఆమె వేళ్ళ కిందనుంచే రావాలి. "మా పెద్దమ్మాయిని అడగండి" అని మామగారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. ఆ మాట ఆమెకు పొద్దుటి టీ లాంటిది. ఒక్కరోజు అందకపోయినా తల పట్టేసినట్టుండేది.

తర్వాత మరిదికి పెళ్ళయింది. చిన్నకోడలు వచ్చింది.

మొదట్లో పెద్దకోడలు సంతోషించింది కూడా. తనకీ ఓ చేతి సాయం దొరికిందనుకుంది. తీరా చూస్తే ఆ పిల్ల కీబోర్డు వంక చూడకుండా, కిటికీలోంచి వీధి చూస్తూ టైపు చేసేది. తప్పులుండేవి కావు. మూడు నెలలు తిరక్కుండా మామగారు రెండో కంప్యూటరు కొని, తలుపు పక్కన వెలుతురున్న చోట బల్ల వేయించారు. ఎవరి కార్డు ఏ రంగులో వేశారో, ఎవరి పాపకు జ్వరం తగ్గిందో, అన్నీ ఆ పిల్ల గుర్తుపెట్టుకుని అడిగేది. కొన్నాళ్ళకు జనం గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తూ, "చిన్నమ్మాయి లేదా?" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దకోడలికి అరికాలినుంచి నడినెత్తి దాకా మండుకొచ్చేది.

అన్నిటికంటే ఎక్కువ పొడిచింది పంతులమ్మ చేసిన పని. ఆవిడ నర్సుల స్కూల్లో పాఠాలు చెప్పే పెద్దావిడ. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ప్రశ్నపత్రాలన్నీ పెద్దకోడలే టైపు చేసింది. అలాంటిది, రోగులకు సేవ ఎలా చేయాలో తన అనుభవమంతా రాసి, రెండువందల పద్నాలుగు పేజీల చేతిరాత కట్ట పట్టుకొచ్చి, తిన్నగా పెద్దకోడలి బల్ల దాటి వెళ్ళి చిన్నకోడలి బల్ల మీద పెట్టింది.

"ఏమీ అనుకోకమ్మా, నీకసలే పనెక్కువ. పైగా ఈ పిల్ల చేస్తే నాకు దిద్దుకునే పనుండటం లేదు."

"అయ్యో, ఏమనుకుంటానండీ" అంది పెద్దకోడలు నవ్వుతూ. ఆ నవ్వు నిలబెట్టడానికి బుగ్గలు నొప్పి పుట్టాయి.

ఆ పూట భోజనాల దగ్గర భర్తను అడిగింది. "నా టైపింగులో అంత దిద్దాల్సిన తప్పులుంటాయా?"

"ఉంటాయిగా అప్పుడప్పుడూ" అన్నాడతను, ముద్ద కలుపుకుంటూ, ఏ పాపమూ ఎరగనట్టు.

ఆ రోజు అతనికి మారు వడ్డన లేదు.

అప్పట్నుంచి ఆమె చిన్నచిన్న సంగతులు దాచుకోవడం మొదలుపెట్టింది. అబద్ధం చెప్పేది కాదు. చెప్పకుండా ఊరుకునేది, అంతే. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వెనకనున్న చిన్న మూత తీయాలని చెప్పలేదు. చేసిన పని సాయంత్రానికల్లా ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోవాలనీ చెప్పలేదు. "అడిగితే చెబుతాను, అడక్కపోతే నాకేం" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. అసలు తెలియని సంగతి గురించి ఎవరూ అడగలేరని ఆమెకూ తెలుసు.

ఫోన్ల సంగతీ అలాంటిదే. షాపులో గోడకున్న ప్లగ్గులన్నిట్నీ మిషన్లే ఆక్రమించాయి. వచ్చినవాళ్ళు "కాస్త ఛార్జింగ్ పెడతారా" అంటే కంప్యూటరుకున్న యూఎస్‌బీ పోర్టే గతి. ఆరేళ్ళ కిందట ఒకసారి ఎవరి ఫోనో తగిలించి వైరస్ తెచ్చుకుని, రెండు రోజులు ఏడ్చి, అప్పుడు నేర్చుకుంది పెద్దకోడలు. కరెంటు తప్ప ఇంకేమీ పారని వైరొకటి కొని, సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. వచ్చినవాళ్ళ ఫోన్లన్నీ దానితోనే పెట్టేది. అది మామూలు వైరు కాదని చిన్నకోడలికి తెలియదు.

పంతులమ్మ పుస్తకం పూర్తి కావాల్సిన రోజది. సాయంత్రం ఐదింటికి వస్తానంది ఆవిడ. ఆఖరి రెండు పేజీలు మిగిలాయి. పొద్దున పదిన్నరకి, బిల్లు పుస్తకాలు తీసుకెళ్ళడానికి వ్యాను డ్రైవరొచ్చాడు.

"చిన్నమ్మా, ఫోను చచ్చిపోయేట్టుంది. కాస్త ప్రాణం పోయవా?"

"ఇటివ్వండన్నా" అంటూ చిన్నకోడలు కంప్యూటరుకున్న తన ఫోను వైరు తీసి అతని ఫోనుకు తగిలించింది.

ఎదురుగా బిల్లు పుస్తకాలు లెక్కపెడుతున్న పెద్దకోడలు తలెత్తింది. ఆ ఫోనులో ఎక్కడెక్కడి పాటలూ, సినిమాలూ ఎక్కించుకున్న మెమరీ కార్డుందని ఆమెకు తెలుసు. వద్దనబోయి నోరు తెరిచింది.

"ఏదో అడుగుతోందమ్మా. ఫైళ్ళు పంపాలా, ఛార్జింగ్ మాత్రమేనా అంటోంది" అన్నాడు డ్రైవరు.

"ఏదో ఒకటి నొక్కేయండన్నా" అంది చిన్నకోడలు, కళ్ళు పంతులమ్మ చేతిరాత మీదే పెట్టి.

అతను పైనున్నది నొక్కాడు. కంప్యూటరులో ఒక కిటికీ తెరుచుకుంది. అడ్డమొచ్చిందని ఆ పిల్ల దాని మీద రెండుసార్లు నొక్కి, తర్వాత మూసేసింది. పెద్దకోడలు తెరిచిన నోరు మూసుకుని మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. ఎన్నిదాకా వచ్చిందో మరిచిపోయింది.

డ్రైవరు ఫోను తీసుకుని వెళ్ళిన పావుగంటకు చిన్నకోడలి గొంతు వినిపించింది.

"అక్కా, ఫోల్డర్లన్నిటికీ చిన్న బాణం గుర్తొచ్చింది. తెరిస్తే లోపలేమీ లేదు."

పెద్దకోడలు వచ్చి చూసింది. ఆ రోగం ఆమెకు బాగా తెలుసు. ఫైళ్ళు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచేసి, వాటి చోట ఉత్త బొమ్మలు నిలబెడుతుంది. ముందు దాన్ని తుడిచేసి, తర్వాత ఒక్క వరుస ఆదేశం టైపు చేస్తే అన్నీ బయటికొస్తాయి. పది నిమిషాల పని.

"కాపీ ఎక్కడైనా పెట్టావా?"

"లేదక్కా. పెట్టాలని నాకు తెలీదు."

"సరే, చూద్దాంలే. ముందు నా చేతిలో పనవనీ" అంది పెద్దకోడలు. అని, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

పంతులమ్మ వచ్చినప్పుడు, దిద్దే పనుండదని ఆవిడన్న ఈ పిల్ల ఆవిడ ముందు వట్టి చేతులతో నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది ఆమెకు. ఒక్కసారే. తర్వాత తీసిచ్చేస్తుంది.

చిన్నకోడలు చేతిరాత కట్ట మొదటి పేజీకి తిప్పి, పెద్దకోడలి పక్కన మూలపడి ఉన్న పాత కంప్యూటరు తెరిచి, ఒకటో పేజీనుంచి మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టింది. కీబోర్డు చప్పుడు ఆగలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. పెద్దకోడలు తన డబ్బా తెరిచింది గానీ రెండో ముద్ద తినకుండానే మూసేసింది. పది నిమిషాలకోసారి గడియారం చూసేది. "ఇప్పుడు లేస్తాను" అనుకునేది. లేస్తే, ఇంతసేపూ ఎందుకు లేవలేదో చెప్పాలి కదా అని మళ్ళీ కూర్చునేది. గంట గడిచేకొద్దీ లేవడం మరింత కష్టమైంది.

మూడింటికి కాగితం గోదామునుంచి మామగారొచ్చారు. చిన్నకోడలి వాలకం చూసి, ఏమైందని అడిగారు.

"తప్పు నాదే మామయ్యగారూ" అంది చిన్నకోడలు. "డ్రైవరన్న ఫోను ఛార్జింగ్ పెట్టాను. పంతులమ్మగారి పుస్తకం మొత్తం పోయింది. ఫోన్లలా పెట్టొద్దని అక్క ముందే చెప్పింది. నేనే వినలేదు."

పెద్దకోడలికి ముందు ఊపిరి తేలికైంది. మరుక్షణమే ఒళ్ళు మండింది. ఆఖరికి మంచితనంలో కూడా తనను మించిపోవాలా ఈ పిల్ల?

మామగారు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. "పోనీలేమ్మా. నా కుర్రతనంలో ఒకసారి, రాత్రంతా కూర్చిన పేజీ అచ్చుకి తీసుకెళ్తూ కాలు జారి పడ్డాను. నాలుగువేల అక్షరాలు నేలపాలు. మా ఓనరు చూసే లోపల మోకాళ్ళ మీద పాకుతూ ఏరాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

పదకొండేళ్ళు. పదకొండేళ్ళలో ఆయన తనకు ఆ కథ చెప్పలేదు. పెద్దకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి జాలితో వచ్చినవి కావని ఆమెకు తెలుసు. ఇంక అక్కడ కూర్చుని ఆ ఇద్దర్నీ చూడటం ఆమె వల్ల కాలేదు.

"ఉండు, నన్ను చూడనీ" అంటూ లేచి చిన్నకోడలి బల్ల దగ్గరికి వెళ్ళింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. వైరస్‌ని తుడిచింది. ఆదేశాలిచ్చే నల్ల కిటికీ తెరిచి ఒక్క వరుస టైపు చేసింది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడ ప్రత్యక్షమయ్యాయి. పంతులమ్మ పుస్తకంలో ఒక్క అక్షరం పోలేదు.

మామగారు బల్ల మీద చరిచారు. "చూశావా! మా పెద్దమ్మాయంటే ఏమనుకున్నావు మరి!"

ఎన్నాళ్ళుగానో మొహం వాచి ఉన్న మాట. నోట్లో చేదు మాత్ర వేసుకున్నట్టయింది. చిన్నకోడలు తెర వంక చూడటం లేదు. గోడ గడియారం వంక చూస్తోంది.

ఐదింటికి పంతులమ్మ వచ్చి, మిగిలిన రెండు పేజీలూ చేరిన పుస్తకం తీసుకుని, ఇద్దర్నీ దీవించి వెళ్ళింది. ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, చిన్నకోడలు కటింగు మిషను వెనకున్న పెద్దకోడలి దగ్గరికి వచ్చింది.

"పొద్దున్నే తెలుసా అక్కా నీకు?"

"తెలుసు."

"నేను ఫోను పెడుతున్నప్పుడు?"

"చూశాను."

"ఎందుకూ?"

ఎంత వెతికినా పెద్దకోడలికి దొరికింది ఒక్కటే జవాబు. చెబుతుంటే తనకే చిన్నతనంగా అనిపించింది. "పంతులమ్మ కాగితాలు నీ బల్ల మీద పెట్టింది."

"అందుకా? అందుకని నాలుగు గంటలు నాచేత మళ్ళీ టైపు కొట్టించావా? నువ్వు చెప్పావని మామయ్యగారితో అబద్ధం ఎందుకాడానో తెలుసా? నీ పరువు కోసం కాదు. నీ మీద చెబితే రేపట్నుంచి అసలేదీ చెప్పవని భయమేసి."

ఆరు రోజులు ఆ ఇద్దరి మధ్య "స్టేప్లరు", "గమ్ము", "మామయ్యగారు పిలుస్తున్నారు" తప్ప వేరే మాటల్లేవు. ఇంట్లోనూ అంతే. ఒకరు వంటగదిలోకొస్తే ఇంకొకరు దండెం మీద బట్టలు తీయడానికి వెళ్ళేవాళ్ళు. ఈ ఆరు రోజుల్లోనూ "చిన్నమ్మాయి లేదా" అని జనం అడుగుతూనే ఉన్నారు. పెద్దకోడలికి మండుతూనే ఉంది. కాకపోతే ఆ మంట వెనకే సిగ్గు కూడా వచ్చేది. రెండూ కలిసి వస్తుంటే నిద్ర పట్టేది కాదు.

ఆరో రోజు ఆమె మామగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితాల బొత్తి సర్దుతున్నారు.

"మామయ్యగారూ, ఆ రోజు ఆ పిల్ల చెప్పింది అబద్ధం. నేనేమీ చెప్పలేదు. చూస్తూ ఊరుకున్నాను. ఫైళ్ళు తీయడం కూడా తెలిసే కూర్చున్నాను."

ఆయన బొత్తి అంచులు సరిచేశారు. నీకిదేం బుద్ధమ్మా అన్నా ఆమె పడేదే. ఆయన ఆ మాటా అనలేదు. "నాకు కాదు. ఆ పిల్ల ముందు నిలబడి, నేనూ వింటుండగా చెప్పు" అన్నారు.

చెప్పింది. తలుపు పక్కన, వెలుతురులో, ఒక కస్టమరు విజిటింగు కార్డుల కోసం కూర్చుని ఉండగానే చెప్పింది. చిన్నకోడలు టైపు చేయడం ఆపలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచాక, చిన్నకోడలు తన కుర్చీ ఈడ్చుకొచ్చి పెద్దకోడలి బల్ల దగ్గర వేసుకుంది. చేతిలో నోటు పుస్తకం ఉంది.

"ఇంకా ఏమేం దాచావో చెప్పు. అన్నీ. ముందు ఫోన్ల సంగతితో మొదలుపెట్టు."

పెద్దకోడలు సొరుగు తాళం తీసింది. "మామూలు వైర్లో కరెంటుతోపాటు ఫైళ్ళు కూడా అటూ ఇటూ పోతాయి. ఇందులో కరెంటొక్కటే. ఎవరి ఫోనైనా దీనితోనే పెట్టు. వాళ్ళు వైరిచ్చినా పుచ్చుకోకు. ఇది లేనప్పుడు ఫోను ఏమడుగుతోందో నువ్వే చదువు. 'ఛార్జింగ్ మాత్రమే' అన్నది నొక్కి, తెర ఆపెయ్యమను. ఈ కంప్యూటర్ని నమ్మమంటావా అని ఫోను అడిగితే వద్దను. వెనక పోర్టులో పెట్టు, ముందుదానికి బలం తక్కువ. మన కాపీలు దాచుకునే హార్డ్ డిస్కు తగిలించి ఉన్నప్పుడు అసలే వద్దు. ఫోను కంప్యూటరు డబ్బా మీద పెట్టకు, వేడి కొడుతుంది. కాగితాల మీదా పెట్టకు."

ఆ పిల్ల అన్నీ రాసుకుంది. తర్వాత కాపీల సంగతి, ప్రింటరు వెనక మూత, రంగులు పాలిపోకుండా ఏం చేయాలి, ఏ కస్టమరు నమూనా చూడకుండా ఒప్పుకుని తర్వాత గొడవ పెడతాడు... వరసగా వచ్చాయి. ఇన్ని దాచానా అని పెద్దకోడలికే ఆశ్చర్యమేసింది. పదిహేడోదాని దాకా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అది పేజీ నంబర్లు కుడి ఎడమల్లో మార్చి మార్చి వేసే పద్ధతి. తొమ్మిది మెట్లు. ఆమె సొంతంగా కనిపెట్టుకున్నది. కాస్త గర్వంగానే చూపించింది.

చిన్నకోడలు కలం ఆపింది. "దీనికింకో సులువుందక్కా" అంటూ మౌసు అందుకుని రెండే రెండు మెట్లలో చేసి చూపించింది.

పెద్దకోడలికి ఎప్పటిలాగే చురుక్కుమంది. గుండె కిందెక్కడో, అదే చోట.

"మళ్ళీ చెయ్" అంది. "ఈసారి కాస్త నెమ్మదిగా."