మా ఊరి రాయి

నేను ఒక రాయిని. నన్ను చూసి ఆగి ఆలోచించినవాళ్లు ఇన్నాళ్లలో ఇద్దరే. ఒకాయన పెద్ద చదువులు చదివిన చిదంబరరావు గారు. ఇంకొకామె అయిదో తరగతితో బడి మానేసిన సుంకులమ్మ. ఆయన నన్ను దొంగసొత్తు అన్నాడు. ఆమె నన్ను దేవుడన్నది. రెండూ తప్పే.

నా పుట్టుక సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేల లోపలి వేడినీళ్లలో కరిగిన ఇసుకసారం రాతి సందుల్లో పేరుకుని, ఇనుపతుప్పు రంగు పూసుకుని గట్టిపడితే నేనయ్యాను. మామిడిపండు పసుపు మీద ఎర్రటి గుండ్రాలు, గుండ్రం లోపల గుండ్రం, నడుమ ముదురు చుక్క. అచ్చం కళ్లే. మా జాతిని చదువుకున్నవాళ్లు జాస్పర్ అంటారు. నేను పడి ఉన్న ఎర్రమిట్టపల్లెలో మాత్రం చెకుముకిరాయి అంటారు. అగ్గిపెట్టెలు వచ్చాక ఆ మాటకు పనికిరానిదనే అర్థం మిగిలింది.

కర్నూలు జిల్లాలో ఆ పక్క తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లోకి దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సద్దిమూట చెట్టుకు తగిలించి, నడుం వంచుకుని నేలంతా వెతుకుతారు. వజ్రం కాని ప్రతి రాయినీ తిడతారు. ఆ లెక్కన నేను తిన్న తిట్లకు అంతు లేదు. ఒక వానాకాలం నన్ను ఏరింది సుంకులమ్మ. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, బాలింత పథ్యం తీరగానే తనూ చేలోకి దిగింది. ఊరి బయట గొడుగు వేసుకుని కూర్చున్న వజ్రాల బేరగాడు నన్ను ఎండకెత్తి చూసి, గోటితో గీకి, "ఇది చెకుముకిరాయి గదమ్మా, పారెయ్యి" అన్నాడు.

ఆమె పారెయ్యలేదు. "ఇన్ని కండ్లున్నాయి. నా బిడ్డ మీద పడే కండ్లన్నీ ఇదే మింగుతుంది" అంది.

ఆ బిడ్డ పేరు ఉరుకుందమ్మ, పిలుపుకు ఉరుకుంది. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిందట. తుమ్మితే నెమ్ము అనీ, తుమ్మకపోతే ఊపిరాడడం లేదనీ భయపడే తల్లి చేతిలో పడ్డాను నేను. మొదట నన్ను నల్లదారంతో ఉయ్యాల మీద వేలాడదీసింది. గడియ కాకముందే, దారం తెగి బిడ్డ నెత్తిన పడితేనో అని విప్పేసింది. దిండు కింద పెట్టింది. బిడ్డ నోట్లో పెట్టుకుంటేనో! నేను దాని పిడికిలి కంటే పెద్దదాన్నని ఆమెకు తోచలేదు. గూట్లో పెట్టింది. గూట్లో తేలు దూరి నా చాటున పొంచి ఉంటేనో! చివరకు బిడ్డ గుడ్డల మూటలో చేరి, ఆ మూటతోనే ఎర్రమిట్టపల్లె నుంచి ఆమె అత్తగారి ఊరు బొమ్మనదొడ్డికి వచ్చాను.

అక్కడ నాకు కొలువు కుదిరింది. ప్రతి అమావాస్యకూ ఆముదం దీపం మీద పట్టిన కాటుక తెచ్చి, నా అన్నిటికంటే పెద్ద కంటి మీద బొట్టంత పెట్టేది. పాతది తుడిచేది కాదు. తుడిస్తే అప్పటిదాకా నేను మింగిన దిష్టంతా మళ్లీ బిడ్డ మీదికి పోతుందని ఆమె నమ్మకం. దాంతో నా కంటి మీద కాటుక పొరలు పొరలుగా పేరుకుని పెచ్చు కట్టింది. నేను ఏ దిష్టినీ మింగలేదు. రాయికి మింగడం తెలియదు. బిడ్డకు జ్వరం వస్తే ఆమె నన్ను కోప్పడేది, తగ్గితే మొక్కేది. తగ్గించింది మాత్రం ఆస్పత్రి మాత్ర.

ఉరుకుంది బాగా చదివి గురుకులం బడిలో సీటు తెచ్చుకుంది. తండ్రి మద్దిలేటి సంతోషంతో ఊరంతా తిరిగాడు. సుంకులమ్మ మాత్రం ఆ బడి గోడ ఎంత ఎత్తో, బావికి మూత ఉందో లేదో కనుక్కునే పనిలో పడింది. ఇక్కడుంటే ఈ పిల్లకు చేలల్లో నడుం వంచడమే గతి అని ఆమెకు తెలుసు. అందుకే ఏడుస్తూనే పంపింది. పెట్టె అడుగున పాత లంగాలో నన్ను చుట్టి పెట్టింది.

"మా! రాళ్లు మోసుకుని బడికి పొయ్యేదాన్ని నన్నే సూసినా" అని నవ్వింది పిల్ల.

"నవ్వు. నవ్వుతా పో. దాన్ని మాత్రం బయటికి తియ్యాకు."

పిల్ల తియ్యలేదు. తీసింది బడివాళ్లే. అది చెప్తాను.

చిదంబరరావు గారు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు జాస్పర్ల పిచ్చి. ఏ రాయి ఏ దేశపు ఏ గుట్టదో చూడగానే చెప్పగలనని ఆయన నమ్మకం. ఊరు తెలియని రాయి ఆయన దృష్టిలో అనాథ. అందుకే తన ప్రతి రాయి మీదా ఒక మూల తెల్లరంగు చుక్క పెట్టి, దాని మీద నంబరు వేసుకునేవాడు. పిల్లలకు చూపిద్దామని ఒక రోజు తన రాళ్లన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుని గురుకులానికి వచ్చాడు. సాయంత్రం సర్దుకునేటప్పుడు ఒకటి తగ్గింది. ఎక్కడో సముద్రం అవతలి దీవి నుంచి తెప్పించుకున్నది. పసుపు మీద ఎర్రటి కళ్లున్నది.

మర్నాడు పిల్లల పెట్టెలు వెతికారు. పాత లంగాలో నేను దొరికాను.

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, తిప్పి, నల్లటి పెచ్చు చూసి తల పంకించాడు. "నంబరు కనపడకుండా దాని మీద కాటుక పూసింది. ఎంత తెలివి!" అన్నాడు.

"సార్, అది మా యింట్లోది సార్. మా ఊరిది" అని ఉరుకుంది ఏడ్చింది.

"మీ ఊరేది?"

"బొమ్మనదొడ్డి సార్."

ప్రిన్సిపాల్ విమలాబాయి గారు సుంకులమ్మకు ఫోను చేయించి, ఒకసారి రమ్మని మాత్రం చెప్పి పెట్టేయించారు. అంతకంటే పెద్ద పాపం లేదు. బస్సులో ఆమె మనసులో ఆ పిల్ల ఎన్ని రకాలుగా చచ్చిపోయిందో! ప్రిన్సిపాల్ గది గడప దగ్గరే కేకేసింది: "నా బిడ్డ యాడ మేడం? ఉందా?"

"ఉందమ్మా, అదిగో. కూర్చో. మీ అమ్మాయి దొంగతనం చేసింది."

"దొంగతనమా! అంతేనా మేడం?" అంటూ సుంకులమ్మ నేల మీద కూలబడి, రెండు చేతులూ ఎత్తి ఈరన్న స్వామికి దండం పెట్టింది.

విమలాబాయి గారూ చిదంబరరావు గారూ మొహాలు చూసుకున్నారు. తల్లే ఇలాంటిదైతే పిల్లననేదేముంది అన్నట్టు.

ఆ గదిలో నేను బల్ల మీద ఉన్నాను. నా ఎదుట, ఫ్యాను గాలికి రెపరెపలాడే కాగితాల దొంతర మీద, అచ్చం నాలాంటి రాయి ఒకటి బోర్లా కూర్చుని ఉంది. పసుపు మీద ఎర్రటి కళ్లు. అందరూ దాని పక్కనుంచే నన్ను చూస్తున్నారు. రాయికి కళ్లుండి ఏం లాభం, నోరుండాలి గానీ.

చిదంబరరావు గారు నన్ను ఎత్తి చూపించి అడిగాడు. "ఈ రాయి ఎక్కడిదమ్మా?"

"మా ఊరిదే సార్."

"ఏ ఊరు?"

"ఎర్రమిట్టపల్లె సార్."

"విన్నారా మేడం? పిల్ల బొమ్మనదొడ్డి అంది. తల్లి ఎర్రమిట్టపల్లె అంటోంది. కట్టుకథకు ఊరు కుదరలేదు."

ఆయన ఖండాలు దాటి రాళ్ల పుట్టిళ్లు పట్టుకున్న మనిషే. పెళ్లై ఎన్నేళ్లైనా ఆడమనిషి నోట్లో మా ఊరంటే పుట్టినూరేనని మాత్రం ఆయనకు తట్టలేదు. సుంకులమ్మకూ అందులో తిరకాసు ఏముందో అర్థం కాలేదు. ఉండేది బొమ్మనదొడ్డిలో. మా ఊరు ఎర్రమిట్టపల్లె. ఇది అడగాల్సిన సంగతా!

విమలాబాయి గారు నిట్టూర్చి కలం మూత తీశారు. "పోలీసుల దాకా వద్దమ్మా. టీసీ ఇచ్చేస్తాను. పిల్లను తీసుకుపో."

అప్పుడు తెలిసింది సుంకులమ్మకు, దొంగతనమంటే అంతేనా అనేటంత చిన్నది కాదని. టీసీ మీద ఆ మాట రాస్తే ఏ బడీ గేటు తియ్యదు. పిల్ల తిరిగొచ్చి తొలకరికి తన పక్కనే నడుం వంచి నేల వెతుకుతుంది. ఆ బొమ్మ ఆమె కళ్లకు కట్టింది.

"ఒక్కటే దారి. ఈ నల్లమచ్చ తుడిస్తే కింద నా నంబరు ఉందో లేదో తేలిపోతుంది" అన్నాడు చిదంబరరావు గారు.

"అయ్యో, తుడ్సొద్దు సార్! మీ కాళ్లు మొక్కుతా!"

విమలాబాయి గారు చిన్నగా అన్నారు: "దొరికిపోయారు."

"మా, తుడువు మా" అంది ఉరుకుంది.

"నీకు తెల్దు పాపా. ఇన్నేండ్ల దిష్టి అంతా దీంట్లోనే ఉంది. తుడిస్తే యాడికి పోతుంది అది? నీ మీదికి గాదా?"

"తుడవకుంటే బడే పోతాది గదమ్మా!"

నేను మోసినదల్లా ఆమె భయమే. బడి మాట వినగానే సుంకులమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే నన్ను తీసుకుంది. కొంగు చివరను తన తలనూనెతో తడిపి, నా కంటి మీద రుద్దింది. నలుపు ఊడి వేలికి వచ్చింది. ఆ వేలు వెంటనే పిల్ల చెంపకు రాసింది. మళ్లీ రుద్దింది, మళ్లీ రాసింది. బుగ్గ, గడ్డం, చెవి వెనక, అరికాలు. నేను తెల్లబడేకొద్దీ పిల్ల నల్లబడింది. ఉరుకుంది ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది.

చిదంబరరావు గారు భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. తెల్లరంగు లేదు. రంగు గీకిన గీత లేదు. మిగిలిన పెచ్చు అంచు మీద పొర పైన పొర, దాని పైన పొర. అన్నిటికంటే అడుగున, నా కంటి గుంటలో ఎర్రమట్టి.

"ఇది నిన్నటి కాటుక కాదు, ఏళ్ల నాటిది. ఈ రాయి నాది కాదు" అన్నాడు. అంతటి మనిషికి ఆ మాట గొంతు దాటడం కష్టమే. అయినా దాటించాడు.

"హమ్మయ్య" అంటూ విమలాబాయి గారు టీసీ కాగితాన్ని మళ్లీ దొంతరలో పెట్టబోయి, పైనున్న రాయిని ఎత్తారు. దాని అడుగున తెల్లచుక్క, చుక్క మీద నంబరు. కాగితాలన్నీ ఒక్కసారి గదిలోకి ఎగిరాయి.

"నిన్న పొద్దున కాగితాలు ఎగురుతున్నాయని... నేనే పెట్టినట్టున్నాను" అన్నాడు చిదంబరరావు గారు, నేల చూస్తూ.

సుంకులమ్మ వంగి కాగితాలు ఏరసాగింది. నేల మీద పడ్డవి ఏరడం ఆమెకు అలవాటే. విమలాబాయి గారు తానూ వంగి, "ఏమనుకోకమ్మా" అన్నారు.

కాసేపటికి చిదంబరరావు గారికి సిగ్గు తగ్గి పిచ్చి మళ్లీ ఎక్కింది. ఇలాంటి కళ్ల జాస్పర్‌ను ఈ ప్రాంతంలో తానెన్నడూ చూడలేదన్నాడు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందని గుచ్చి గుచ్చి అడిగాడు. "పురిటికి మా ఊరికి పోయినప్పుడు సార్" అని ఆమె చెప్పగానే నుదురు కొట్టుకున్నాడు. అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: కళ్ల జాస్పర్. అరుదైనది. ఊరు, ఎర్రమిట్టపల్లె.

నన్ను బడికే ఇచ్చేసింది సుంకులమ్మ. విలువైనదని తెలిశాక ఇంట్లో పెట్టుకుంటే గొంతులు కోసి ఎత్తుకుపోరా అని ఆమె భయం. ఇప్పుడు నేను ప్రిన్సిపాల్ గదిలో, కిటికీ పక్క అద్దాల బీరువాలో ఉన్నాను. పెద్దమనుషులు వచ్చి, అట్టముక్క చదివి, ఆ తర్వాతే నన్ను చూసి ఆహా అంటారు.

ఆ రోజు తిరిగి వెళ్తూ సుంకులమ్మ కిటికీ అవతల ఆగడం చూశాను. నాకు ఒక్కసారి చేయెత్తి మొక్కుతుందేమో అనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. బడి ముందర దారికి పోసిన కంకరకుప్ప లోంచి గుప్పెడంత రాయి ఒకటి ఏరి, కొంగుతో తుడిచి, వేలికి మిగిలిన కాటుక దానికి పెట్టింది. కళ్లు లేవు, రంగు లేదు, జాతి లేదు. దాన్ని ఉరుకుంది చేతిలో పెట్టి, "పెట్టె అడుగున పెట్టుకో" అంది. నేను ఇన్నేళ్లు చేసిన కొలువు అంత సులువుగా చేతులు మారింది.

నాలుగు అడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గేటు దగ్గరి వాచ్‌మన్‌ను కేకేసింది.

"అన్నా, ఈ కంకర ఏ ఊరిది?"

"ఎవరికి తెల్సక్కా! ఎవరో టిప్పర్లో తోలినారు. ఎందుకు?"

"కనుక్కోన్నా, నీకు పుణ్యముంటుంది" అంది సుంకులమ్మ. "రేపు ఎవరన్నా అడిగితే బిడ్డ ఏమని సెప్పాల?"